ఒగరుగా ఉంది, ఆగాలి

బకెట్టు ఉద్యోగం

ముప్పై ఏళ్లు నేను ఉమ్మి బతికాను. వినడానికి బాగోదు కానీ ఉద్యోగం అదే. పొద్దున పది గంటలకి, నాలుక ఇంకా శుభ్రంగా ఉండగానే, తెల్లకోటు వేసుకుని వరసగా పెట్టిన గ్లాసుల ముందు నిలబడాలి. ఒక్కో గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, స్టీలు బకెట్లో ఉమ్మి, పుస్తకంలో రెండు ముక్కలు రాయాలి. మింగుతూ పోతే మధ్యాహ్నానికి ఉద్యోగమూ ఉండదు, మనిషీ నిలబడదు.

మాది పోర్ట్ వైన్ కంపెనీ. పోర్చుగల్‌లో డౌరో అనే నది పక్క కొండల మీద పండే ద్రాక్షతో ఈ వైన్ చేస్తారు. రసం పులుస్తూ, తీపి సగం మిగిలి ఉండగానే అందులో ద్రాక్ష సారాయి పోస్తారు. దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి ఉండిపోతుంది, మత్తు పెరుగుతుంది. తయారీ, సీసాల్లో నింపడం అన్నీ అక్కడే. ఏ తొట్టిలోది ఏ పేరుతో అమ్మాలో తేల్చేది మాత్రం ఇంగ్లండులో స్విండన్ అనే ఊరి బయట, టైర్ల గోడౌను పక్కనున్న మా ఆఫీసులో. ఆ తేల్చేవాళ్లలో నేనొకదాన్ని.

నేను కదిరి దగ్గర చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పండించే రైతు కూతుర్ని. పేరు రాజేశ్వరి, ఆఫీసులో అందరికీ రాజ్. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట స్విండన్ వచ్చాను. ల్యాబులో తీపీ పులుపూ కొలిచే పనిలో చేరి, మెల్లగా గ్లాసుల దగ్గరికి జరిగాను. అత్తమ్మకి మాత్రం ‘ద్రాక్షరసం కంపెనీ’ అని చెప్పాం. ఆవిడ చివరిదాకా అది పిల్లల దగ్గుకి మంచిదనే నమ్మి, ఒక సీసా పంపమని మా ఆయన్ని పోరేది. తెలుగువాళ్లు కలిసే చోట ఆంటీలు నా పక్కన కూర్చోవడానికి కాస్త ఆలోచించేవారు. అంకుల్స్ మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నన్నాపి, "ఏదైనా మంచిది చెప్పండి" అని గుసగుసలాడేవారు.

పోయిన నెల బ్రాక్‌నెల్‌లో ఒకమ్మాయి సాఫ్ట్‌వేర్ మానేసి ఈ లైన్లోకి వస్తానంటూ, "ఆంటీ, ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. ప్రమోషన్ల సంగతి నన్నడిగి లాభం లేదు, నాకొచ్చినవే రెండు. ఎండా కరువూ ద్రాక్షని ఏం చేస్తాయో, నేను ద్రాక్షని ఏం చేశానో, ఆ రెండూ చెబుతాను.

అంకె చెప్పని సంగతి

ఇంగ్లండులో ముప్పై డిగ్రీలు దాటితే మా బాసు గ్రాహం నిక్కరేసుకుని ఆఫీసుకొచ్చేవాడు. ఫ్యాను ముందు కూర్చుని, గార్డెన్లో పైపు వాడొద్దన్నారని, గడ్డి ఎండిపోతుందని ప్రపంచం మునిగిపోతున్నట్టు మాట్లాడేవాడు. నాకు నవ్వొచ్చేది. కదిరిలో పుట్టినదానికి ఎండ గురించి ఎవరో చెప్పేదేముందని నా ధీమా. నా మొదటి తప్పు అక్కడే మొదలైంది.

ఎండ ఎక్కువైతే ద్రాక్ష తియ్యబడుతుంది, తియ్యబడితే వైన్ బాగుంటుంది అని అందరూ అనుకుంటారు. కొంతవరకే నిజం. ఎండ మితిమీరి, నేలలో తేమ లేకపోతే, తీగ ప్రాణం కాపాడుకోవడానికి ఆకుల్లోని సన్నటి రంధ్రాలు మూసేసుకుని పని మానేస్తుంది. అక్కణ్నించి పండు పండదు, ఎండుతుంది. నీళ్లు పోయి, ఉన్న తీపే చిక్కబడుతుంది. మిషన్లో పెడితే తీపి అంకె బ్రహ్మాండంగా కనబడుతుంది. పులుపు మాత్రం పడిపోయి ఉంటుంది, గింజ కొరికితే పచ్చి చేదు. కార్బైడ్ వేసి మగ్గబెట్టిన మామిడిపండు తిన్నారుగా, పైన పసుపు, టెంక దగ్గర పచ్చి. ఇక్కడ కార్బైడ్ పని సూర్యుడు చేస్తాడు.

తొట్టిలోనూ తంటానే. వేడెక్కిన పండు రసం ఆగకుండా పొంగి పులుస్తుంది. తొక్కలోని రంగూ ఒగరూ రసంలోకి దిగేలోపే సారాయి పోయాల్సిన వేళ ముంచుకొస్తుంది. అందుకే కరువేడాదిలో తొట్టిని చల్లబరుస్తూ, కాళ్లతో తొక్కిస్తూ, దాన్ని నిదానింపజేయడమే సగం పని.

నాకు ఆఫీసులో కాస్త పేరొచ్చిన కొత్తలో అలాంటి ఏడాది ఒకటి వచ్చింది. ఫిలొమెనా అని మాకు ద్రాక్ష ఇచ్చే రైతు, నా ఈడుదే, ఫోన్ చేసి, "గింజ పచ్చిగా ఉంది, ఆగుదాం" అంది. నేను స్విండన్‌లో టీ తాగుతూ, "అంకె వచ్చేసింది, కోసెయ్" అన్నాను.

"అంకెని కొరికి చూశావా?" అని అడిగింది.

ఎమ్మెస్సీ చదివినదాన్ని కదా, ఆ మాట నా చెవికెక్కలేదు. కోయించాను. తీరా ఆ వైన్ నోట్లో పెట్టుకుంటే జామ్‌లో వేపపుల్ల ముంచి నమిలినట్టుంది. దాన్ని పేరూ ఊరూ లేని మామూలు సరుకులో కలిపేశాం. మరుసటి ఏడు కూడా ఫిలొమెనా మాకే ద్రాక్ష ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నన్ను సిగ్గుతో చంపింది ఇంకొకటుంది. మా నాయన చెనిక్కాయ పీకేముందు ప్రతిసారీ నాలుగు కాయలు ఒలిచి, పైచిప్ప లోపలి వైపు చూసేవాడు. నల్లబడితే ముదిరినట్టు. తెల్లగా ఉంటే, పైన ఆకు ఎంత వాడినా సరే, ఇంకా ఆగాలి. అది చూస్తూ పెరిగినదాన్ని, స్విండన్ వచ్చి మిషన్‌ని నమ్మాను.

పై గుట్ట తోట

చాలా ఏళ్లకి అంతకంటే ఘోరమైన ఏడాది వచ్చింది. చలికాలంలో వాన లేదు, వసంతంలో లేదు, ఎండ మాత్రం మే నెలలోనే మొదలైంది. ఈసారి ఫోన్‌ని నమ్మకుండా ఆగస్టు చివర నేనే వెళ్లాను. ఆ కొండల్లో మట్టి తక్కువ, పలకరాయి ఎక్కువ. మధ్యాహ్నం ఆ రాయి మీద చెయ్యి పెడితే పెనం తగిలినట్టే. కింది తోటల్లో లేత తీగలు ఆకులు రాల్చేశాయి, గుత్తులు చెట్టు మీదే కిస్మిస్ అయిపోయాయి.

ఫిలొమెనా నన్ను పై గుట్టకి తీసుకెళ్లింది. వాళ్ల తాత రాళ్లు పేర్చి కట్టిన తొమ్మిది మెట్లు, మెట్టుకొక వరస ముసలి చెట్లు. వాటి వేళ్లు పలకరాయి సందుల్లోంచి ఎంత లోతుకి పోయాయో ఎవరికీ తెలియదు. కాయలు బఠానీలంత ఉన్నాయి, తొక్క దళసరిగా ఉంది, కానీ వేలితో నొక్కితే లోపల రసం ఉంది.

"ఇది కూడా మామూలు సరుకులో పోతే చెట్లు పీకించేస్తాను రాజ్," అంది. "మేనల్లుడు బాదం వేద్దామంటున్నాడు. బాదం నన్నేమీ అడగదు."

"తాత పెట్టిన చెట్లు కదా?"

"తాతవి చెట్లు. మోకాళ్లు నావి."

కొన్ని మంచి ఏళ్లకి మాత్రమే సీసా మీద ఆ సంవత్సరం అంకె వేసి విడిగా అమ్ముతారు. ఈమె వైన్ ఆ సీసాలోకి చేరితే కంపెనీ ఆ తోటని వదలదు. చేరకపోతే వద్దంటుంది, మిషన్ వచ్చి చెట్లు పీకేస్తుంది. అంటే నేను తేల్చాల్సింది తొమ్మిది మెట్ల చెట్ల చావుబతుకులు. గింజ కొరికాను. ఇంకా పచ్చి.

స్విండన్ నుంచి గ్రాహం ఫోను. "తీపి వచ్చేసిందటగా. సోమవారానికి లారీలు చెప్పేశాను."

"గింజ రాలేదు గ్రాహం."

"గింజని ఎవరు తాగుతారు?"

"ఒకసారి తాగాం. గుర్తు లేదా?"

అతనికి గుర్తుంది. "సరే, పూచీ నీది," అని పెట్టేశాడు.

ఆగితే మిగిలినవి కూడా ఎండిపోవచ్చు. ఉరుముల వాన పడితే కుళ్లిపోవచ్చు. ధైర్యం కోసం కదిరిలో మా అక్కకి ఫోన్ చేశాను.

"ఏమ్మే, ఆడ గూడా వాన ల్యాకపోతే ఆ దేశాలకు పొయ్యి ఏం లాభం?" అంది ముందు.

"గింజ ముదరల్యాక్కా. కోయాల్నో ఆగాల్నో తెలీడంల్యా."

"నాయన ఏం జేస్తాండె? ఒలిచి సూస్తాండె. నువ్వూ సూడు. ముదరకుంటే ఆగు. ఇంత సదువు సదివి దీనికి ఫోన్ జేస్తారా ఎవురన్నా?"

ఆగాం. రోజూ పొద్దున్నే ఇద్దరం మెట్లెక్కి గింజలు నమిలేవాళ్లం. తొమ్మిదో రోజు ఒక గంట సన్నటి వాన పడింది. పలకరాయి మీంచి ఆవిరి లేచింది. మర్నాటికి ఆకులు కాస్త తలెత్తాయి, మూసుకున్న తీగ మళ్లీ పనిలోకి దిగింది. తీపి అంకె కొంచెం తగ్గింది కూడా. గ్రాహం ఫోన్ చేసి గోల పెట్టాడు, నేను సిగ్నల్ లేదన్నాను. ఇంకో వారానికి గింజ గోధుమరంగుకి తిరిగి, వేయించిన చెనిక్కాయలా పంటికింద పటుక్కుమంది. ఫిలొమెనా నా వీపు మీద ఒక్కటి చరిచింది, రెండు రోజులు నొప్పి పోలేదు.

చల్లపొద్దున కోయించి, బల్లల చుట్టూ కూర్చుని ఎండిపోయిన కాయలు చేత్తో ఏరి పారేశాం. ఏరకుండా తొక్కితే వైన్ అంతా ఎండు ఖర్జూరం వాసనేస్తుంది. నేనూ మూడు రోజులు ఏరాను, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ వైన్‌ని వేరే పీపాల్లో పెట్టించి ఇంటికొచ్చాను.

నా పుస్తకం, నా పొగరు

ఇప్పుడు నా రెండో తప్పు. ఇది మొదటిదానికంటే పెద్దది, పైగా చూడ్డానికి తప్పులా కనబడదు.

వైన్ రుచి చెప్పే ఇంగ్లీషు నాకెప్పుడూ ఒంటబట్టలేదు. అడవి నేల అంటారు, పెన్సిల్ ముక్కు అంటారు, తడిసిన గుర్రపు జీను అంటారు. జీను ఎవడు నాకాడో నాకు తెలియదు. అందుకని నా పుస్తకంలో నేను తెలుగులోనే రాసుకునేదాన్ని. కాలిన బెల్లం, చింతచిగురు, తడిసిన గోనెసంచి, అత్తమ్మ అలమర. వీటిని ఆఫీసులో ఎవరూ చదవలేరన్న సంతోషం కూడా ఉండేది. సంతోషం అన్నది మర్యాదకి, నిజానికి అది పొగరు.

కోత అయ్యాక రెండో చలికాలంలో ఫిలొమెనా వైన్ నమూనా నా ముందుకొచ్చింది. ఒక్క గుక్కకే చిగుళ్లు బిగుసుకున్నాయి, నాలుక మొద్దుబారింది. ఆ వెనక నేరేడుపండు, దాని వెనక చల్లటి పులుపు, చేదు మచ్చుకైనా లేదు. అంత ఎండలో అలాంటిది వస్తుందని నేననుకోలేదు. పుస్తకంలో రాశాను: "ఒగరు గట్టిగా ఉంది. ఆగాలి."

మా పనిలో అంతకు మించిన పొగడ్త లేదు. అంత ఒగరుంటేనే వైన్ ఇరవై ఏళ్లు నిలబడుతుంది. సీసాలో పెట్టి ఆగితే ఆ ఒగరు మాగి మెత్తబడుతుంది.

ఆ శనివారం నాకు జ్వరం వచ్చింది, దాంతోపాటు ముక్కు పోయింది. ఇంగువ డబ్బాలో తల పెట్టినా ఏమీ తెలియలేదు. ముక్కుతో బతికేదానికి అది ఎంత భయమో చెప్పలేను. మా పేటలో క్లినిక్‌కి ఫోన్ చేస్తే డాక్టరు, "వచ్చేస్తుంది, ఆగండి" అన్నాడు. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. గ్రాహం ఫోన్ చేసి మీటింగుకి నా అభిప్రాయం కావాలంటే, జ్వరంలో, "పుస్తకం డ్రాయర్లో ఉంది చూసుకో" అన్నాను. అది తెలుగులో ఉందని గుర్తే లేదు.

గ్రాహం ఆ పేజీని ఫోటో తీసి, మా కంప్యూటర్లు చూసుకునే రమేష్ గారికి పంపాడు. రమేష్ గారిది తెనాలి, ఉండేది బ్రాక్‌నెల్‌లో. చాలా మంచి మనిషి, కల్లు వాసన కూడా ఎరగరు. శ్రద్ధగా చదివి, శ్రద్ధగా ఇంగ్లీషులోకి మార్చారు: "స్ట్రాంగ్ బిట్టర్. షుడ్ స్టాప్."

కాకరకాయ, అరటికాయ

రెండు వారాలకి ఆఫీసుకి వెళ్లి లిస్టు చూస్తే, ఫిలొమెనా పీపాలు మామూలు సరుకు కింద ఉన్నాయి. పై గుట్ట ద్రాక్ష వచ్చే ఏటినుంచి వద్దని ఆమెకి మెయిల్ కూడా వెళ్లిపోయింది.

"నువ్వే వద్దన్నావుగా," అన్నాడు గ్రాహం, నిజంగానే తెల్లబోయి. రమేష్ గారి మెయిల్ చూపించాడు. నేను అక్కడే నిలబడి రమేష్ గారికి ఫోన్ కొట్టాను.

"రమేష్ గారూ, ఒగరంటే చేదా?"

"మా వైపు వగరంటామండీ. చేదు కాదండీ, అదీ... ఇంగ్లీషులో ఏమంటారో తట్టలేదండీ. మా అబ్బాయినడిగితే వాడు ‘యక్’ అన్నాడండీ. మరి అది బాగోదని బిట్టర్ అని పెట్టానండీ."

"ఆగాలి అంటే?"

"ఆగాలంటే ఆగాలేగా అండీ, స్టాప్."

"వెయిట్ అండీ బాబూ, వెయిట్!"

"అయ్య బాబోయ్," అన్నారు. ఆయన్ని ఏమని తిడతాను? ఎవరూ చదవకూడదనే భాషలో రాసుకుని, చదవమని చెప్పినదాన్ని నేను.

మర్నాడు ఇండియన్ షాపులో రెండు కాకరకాయలు, ఒక పచ్చి అరటికాయ కొనుక్కుని మీటింగు పెట్టించాను. గ్రాహం, ఇంకో ఇద్దరు డైరెక్టర్లు. నాకింకా వాసన తెలియడం లేదు. కానీ చేదుకీ ఒగరుకీ ముక్కుతో పని లేదు, నాలుక చాలు. ముందు కాకరకాయ ముక్కలు నమలమన్నాను. ఒక డైరెక్టరు కళ్లలో నీళ్లు తిరిగి టైతో నాలుక తుడుచుకున్నాడు.

"ఇది చేదు. ఇరవై ఏళ్లు దాచినా కాకరకాయ తీపెక్కదు. ఇప్పుడిది."

అరటికాయ నమిలారు. ముగ్గురి మూతులూ ముడుచుకుపోయాయి.

"ఇది ఒగరు. దీన్ని నాలుగు రోజులు కదిలించకుండా ఆగండి, అరటిపండవుతుంది. ఇప్పుడు ఆ గ్లాసు తాగండి."

తాగారు. గ్రాహం బకెట్టు వైపు చూసి, చూసి, మింగేశాడు. పాతికేళ్లలో అతను మింగగా నేను చూసింది అదొక్కసారే. "అరటికాయ," అన్నాడు మెల్లగా. నిర్ణయం మారిపోయింది. ఫిలొమెనా వైన్ సంవత్సరం అంకె వేసే సీసాలోకి వెళ్తుంది, తోట మాతోనే ఉంటుంది.

ఎగిరి గంతేసినంత పని చేసి ఫిలొమెనాకి ఫోన్ చేశాను. వెనక ఏదో ఇంజను చప్పుడు. "తప్పు జరిగింది, నీ వైన్ తీసుకుంటున్నాం, చెట్లు పీకించకు," అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆమె పోర్చుగీసులో ఎవరినో గట్టిగా కేకేసింది. ఇంజను ఆగింది.

"ఆరు మెట్లయిపోయాయి," అంది. "మూడు మిగిలాయి."

ఇంత తొందరేంటని అడగక్కర్లేదు. చెట్లు పీకడానికి చలికాలమే అదను, మిషన్ దొరికిన రోజే పని. పైగా ఆ మెయిల్లో, రుచి చూసి వద్దన్నది రాజ్ అని స్పష్టంగా రాసి ఉంది.

"ఇంకెవరి పేరైనా ఉంటే ఫోన్ చేసి దెబ్బలాడేదాన్ని," అంది ఫిలొమెనా. "నీ పేరు చూసి, కొరికే చూసి ఉంటుందిలే అనుకున్నాను."

కార్ పార్కులోకి వెళ్లి, కార్లో కూర్చుని, టైర్ల గోడౌను గోడ వైపు చూస్తూ ఏడ్చాను. మా నాయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

హాల్లో మొద్దు

అందుకని బ్రాక్‌నెల్ అమ్మాయికి నేను చెప్పేది ఇది. గింజ కొరుకు. ఎండేడాది అంకెని అస్సలు నమ్మకు. రుచి ఏ భాషలో తడితే ఆ భాషలోనే రాసుకో, తప్పు లేదు. కానీ పక్కనే ఇంకొకరికి తెలిసేలా కూడా రాయి, నువ్వు జ్వరంతో పడుకున్న రోజున నీ పుస్తకం ఒంటరిగా మాట్లాడాలి కదా.

ఇప్పుడు మా కంపెనీ రుచుల ఫారంలో ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఒగరు’ అని ఒక గడి ఉంది. రమేష్ గారే పెట్టారు. ఇంగ్లీషు కుర్రకారు దాన్ని "వొగారూ" అని నానా హింసా పెట్టి పలుకుతారు. రమేష్ గారు ప్రతి దీపావళికీ ఫోన్ చేసి ఇంకా సారీ చెబుతూనే ఉంటారు. ఆ వైన్ సీసాల్లో పడుకుని ఉంది. అది తాగే వేళకి నాకు ఎనభై దాటుతాయి. మిగిలిన మూడు మెట్లూ ఈ ఏడు కూడా కాశాయి. ఖాళీ అయిన ఆరు మెట్ల మీద బాదం వెయ్యలేదు, ఫిలొమెనా మళ్లీ ద్రాక్షే నాటింది. ఆ లేత తీగలకి ఇప్పుడు ఎండొస్తే నీళ్లు మోయాలి, ఆ మోకాళ్లతోనే.

రిటైరైన రోజు కంపెనీ వాళ్లు నా పేరు చెక్కిన గాజు కూజా ఇచ్చారు. అది లాఫ్ట్‌లో ఉంది. అదే వారం ఫిలొమెనా నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. ఉత్తరం లేదు. విప్పితే పీకిన చెట్టు మొద్దు, మెలితిరిగిన వేరుతో సహా. నన్ను క్షమించి పంపిందో, మరిచిపోవద్దని పంపిందో నేను అడగలేదు. దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టాను. మా అబ్బాయి వచ్చినప్పుడల్లా, "మమ్, ఇట్స్ ఎ డెడ్ ట్రీ," అని తలపట్టుకుంటాడు.

మొన్న ఆ బ్రాక్‌నెల్ అమ్మాయి కూడా వచ్చి, దాని చుట్టూ తిరిగి చూసి, "బాగుంది ఆంటీ, ఎవరు చేసిన ఆర్ట్?" అంది.

"నేనే," అన్నాను. "పలకరాయి చీల్చుకుని లోపలికి పోయి నీళ్లు తాగిన చెట్టమ్మా ఇది. ఎండ దీన్ని చంపలేదు, కరువు చంపలేదు. నేను రాసిన రెండు ముక్కలు చంపాయి."